జువాలజీ అనే మాట ఎక్కడిది? జంతువు అంటే ఏవేవి లెక్కకొస్తాయి?

మన్నేరు గట్టు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. మా పాప ఈ ఏడు ఇంటర్ బైపీసీలో చేరింది. చేరిన మొదటి వారంలోనే ఇంట్లో ఒక వాదన మొదలైంది, ఇంతవరకూ తెగలేదు. వాళ్ళ లెక్చరర్ 'జోఆలజీ' అని పలుకుతారంట, ట్యూషన్ సారు 'జువాలజీ' అంటారు. మా ఆయనేమో 'జూ' అనే మాట నుంచే ఇది పుట్టింది, జూలో ఉండే వాటి గురించి చదివే చదువు కాబట్టి ఆ పేరు పెట్టారు అంటాడు. ఇందులో ఏది నిజం?

ఇంకోటి. తెలుగులో జంతుశాస్త్రం అన్నారు కదా. మా అత్తమ్మ అడిగేదేందంటే, జంతువు అంటే నాలుగు కాళ్ళది, మరి చేప, రొయ్య, దోమ జంతువులెట్టా అవుతాయి, వాటిని తీసుకొచ్చి ఆ పుస్తకంలో ఎందుకు పెట్టారు అని. పాప పుస్తకం తెరిచి చూపించినా ఒప్పుకోలేదు. "పుస్తకంలో రాసినంత మాత్రాన దోమ జంతువయిపోద్దా" అంది. నాకు మాత్రం ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉందనే అనిపించింది, ఎందుకంటే మనం రోజూ మాట్లాడేటప్పుడు దోమను జంతువు అని ఎవరం అనం కదా.

బట్టీ పట్టే నిర్వచనం వద్దండీ, అది పుస్తకంలోనే ఉంది. ఆ మాట ఎట్టా పుట్టింది, ఎవరు పెట్టారు, మన మాట దానికి సరిగ్గా సరిపోతుందా లేదా, ఇవి తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. పాపకు చదివి వినిపిస్తాను.

మూలాపేట మాస్టారు:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఏటా కొత్త బ్యాచ్ రాగానే మొదటి గంటలో ఈ మాట గురించే చెప్పేవాణ్ణి, పేరు అర్థమైతే సబ్జెక్టు సగం అర్థమైనట్టే అని నా నమ్మకం.

ఇది గ్రీకు మాటలతో కట్టిన పేరు. 'జోయాన్' అంటే ప్రాణమున్నది, బతికేది. 'లోగోస్' అంటే మాట, వివరించి చెప్పడం. రెండూ కలిపితే ప్రాణుల గురించి వివరంగా చెప్పేది అని. అయితే గ్రీకులు ఈ జంట మాటను వాడుకలో పెట్టలేదు. చాలా తర్వాత యూరప్ పండితులు లాటిన్‌లో రాసుకునే రోజుల్లో 'జువాలజియా' అని అల్లుకున్నారు, 17వ శతాబ్దంలో అది ఇంగ్లీషులోకి వచ్చింది.

ఇక పలకడం సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు ఓలు పక్కపక్కన ఉంటాయి చూడండి, అవి రెండూ వేరువేరు ఓలు. గ్రీకులో మనకున్నట్టే ఒ, ఓ రెండూ ఉన్నాయి, రెండింటికీ వేరే అక్షరాలున్నాయి. 'జో'లో ఉన్నది దీర్ఘం, తర్వాత వచ్చేది హ్రస్వం. వాటిని ఇంగ్లీషువాళ్ళు ఒకే అక్షరంతో రాసేసరికి రెండూ కలిసిపోయి చూడ్డానికి 'ఊ' లాగా కనపడతాయి. కాబట్టి పుట్టుకను బట్టి చూస్తే పాప వాళ్ళ లెక్చరర్ పలికేదే దగ్గర, జో-ఆ-లజీ. ట్యూషన్ సారుది తప్పని మాత్రం నేననను, జువాలజీ అనేది తెలుగువాళ్ళందరికీ అలవాటైన పలుకు. నేను నా సర్వీసంతా అదే పలికాను.

మీవారి మాట మాత్రం తలకిందులుగా ఉందమ్మా. జూ నుంచి జువాలజీ రాలేదు, జువాలజీ నుంచే జూ వచ్చింది. లండన్‌లో 1826లో జువలాజికల్ సొసైటీ అని ఒకటి పెట్టారు. వాళ్ళు 1828లో ఒక తోట తెరిచి జంతువులను ఉంచారు, దాని పేరు జువలాజికల్ గార్డెన్స్. మొదట్లో సభ్యులకే ప్రవేశం, 1847లో జనానికి తెరిచారు. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? నోళ్ళలో నలిగి 'జూ' దగ్గర ఆగింది. తిరుపతిలో మన పిలకాయలను తీసుకెళ్ళే జూ పార్కు కూడా ఆ కత్తిరింపు మాటే.

ఆ 'జో' ఇంకా ఎక్కడెక్కడ దాక్కుందో పాపకు చూపించండి, సంబరపడుతుంది. ప్రోటోజోవా అంటే తొలి ప్రాణులు అని అర్థం (ఇప్పుడు శాస్త్రవేత్తలు వాటిని జంతువుల లెక్కలోంచి తీసేశారు, కానీ పాఠం మాత్రం ఇంకా జువాలజీ పుస్తకంలోనే నడుస్తోంది). కుక్క కాటుతో వచ్చే రేబిస్ లాంటి, జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బులను జూనోసిస్ అంటారు, అదీ అదే మాట. పంచాంగంలో రాశిచక్రం ఉంటుంది కదా, దాన్ని ఇంగ్లీషులో జోడియాక్ అంటారు. చిన్న చిన్న జంతువుల బొమ్మల చక్రం అని దాని మూలార్థం. మేషం, వృషభం, కర్కాటకం, సింహం, వృశ్చికం, మీనం, ఇట్లా చూసుకుంటే సగానికి సగం జంతువులే.

ఈ శాస్త్రానికి ఆది ఎవరంటే అరిస్టాటిల్ పేరు చెబుతారు, అది సబబే. సుమారు 500 రకాల ప్రాణుల గురించి రాసిపెట్టాడు. ఆయన చూసిన వాటిలో చాలా భాగం లెస్బోస్ అనే దీవిలో, సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే ఒక ఉప్పునీటి సరస్సు దగ్గరవి, అంటే మన పులికాట్ లాంటి చోటన్నమాట. డాల్ఫిన్ నీళ్ళలో ఉన్నా గాలి పీలుస్తుందని, పిల్లకు పాలిస్తుందని రెండువేల మూడొందల ఏళ్ళనాడే గమనించి రాశాడు. ఆయన పుస్తకాన్ని లాటిన్‌లో 'హిస్టోరియా ఆనిమేలియం' అంటారు. అక్కడ హిస్టోరియా అంటే చరిత్ర కాదు, విచారించి తెలుసుకోవడం. 'నేచురల్ హిస్టరీ' అన్నప్పుడు రాజులూ యుద్ధాలూ లేకుండా హిస్టరీ ఏంది అని మా విద్యార్థులు అడిగేవాళ్ళు, దానికి జవాబు ఇదే.

ఆపకముందు ఒక్కటి. బాటనీ అనే మాటకు గ్రీకులో మూలార్థం మేత. పశువులు మేసే గడ్డీ గాదం. వాళ్ళకూ చెట్టూచేమల చదువు మేత దగ్గరే మొదలైంది కాబోలు.

ముత్తుకూరు చెరువులు:

మాస్టారు బాగా చెప్పారు. రొయ్య జంతువేనా అన్నదానికి నేను చెబుతా, ఎందుకంటే నా పని అదే, చెరువుల్లో టెక్నీషియన్ని.

అక్కా, ఒక పని చేయండి. ఈసారి ప్రాణంతో ఉన్న వనామి రొయ్య దొరికితే గ్లాసులో నీళ్ళు పోసి దాన్ని వేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అత్తమ్మ గారిని పక్కనే కూర్చోబెట్టండి. ఒళ్ళంతా అద్దంలా ఉంటుంది కాబట్టి లోపల జరిగేది బయటికే కనపడుతుంది. తల భాగంలో వెనక వైపు, వీపు కింద గుండె టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కణ్ణుంచి తోక దాకా నల్లగా ఒక గీత, అది పేగు. రొయ్య మేత తింటోందో లేదో చూసుకోడానికి చెరువులో దించే పళ్ళెం, చెక్ ట్రే అంటాం, దాన్ని ఎత్తినప్పుడు మేం మొదట చూసేది ఆ గీతనే, నిండుగా ఉంటే మేత తింటోందని, తెగి తెగి ఉంటే ఏదో తేడా వచ్చిందని. తల కింద నడిచే కాళ్ళు ఐదు జతలు, వాటిలో ముందు మూడు జతలకు చివర చిన్న చిన్న పటకార్లు ఉంటాయి, మేత గింజను వాటితోనే పట్టుకుని నోటికి తెచ్చుకుంటుంది. పొట్ట కింద ఈదే కాళ్ళు మళ్ళీ ఐదు జతలు, ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. గుండె ఉంది, పేగు ఉంది, కన్ను ఉంది, ఆకలి ఉంది, భయం ఉంది, నీడ పడితే చాలు వెనక్కి ఎగిరి దూకుతుంది. ఇంక జంతువు కాకుండా ఎట్టా పోతుంది?

రక్తం ఎర్రగా లేదు కదా అంటారు కొందరు. మన రక్తంలో ఇనుముంటుంది, దానికి ఇనుము బదులు రాగి ఉంటుంది, అందుకే ఎర్రగా కనపడదు, గాలి తగిలితే లేత నీలం వస్తుంది. పని మాత్రం అదే పని, ఆక్సిజన్ మోయడం.

జంతువు అని తేల్చడానికి శాస్త్రంలో కాళ్ళు లెక్కపెట్టరు. తన తిండి తాను తయారు చేసుకోలేక ఇంకో ప్రాణిని తిని బతికేది, ఒంటినిండా ఎన్నో కణాలున్నది, ఆ కణాలకు మొక్కల్లో ఉండే గట్టి గోడ లేనిది, ఇదీ లెక్క. ఈ లెక్కన సముద్రం అడుగున రాయికి అతుక్కుని జన్మంతా కదలకుండా ఉండే స్పంజీ కూడా జంతువే. పేరు పెట్టి రాసిన జంతువుల రకాలు ఇప్పటికి సుమారు 15 లక్షలు ఉంటే అందులో 10 లక్షల దాకా పురుగులే. వెన్నెముక ఉన్నవన్నీ, అంటే చేపలు, కప్పలు, పాములు, పక్షులు, మనం, అంతా కలిపినా నూటికి ఐదు కూడా రాము. నాలుగు కాళ్ళ వాటికోసమే శాస్త్రం పెట్టుంటే పుస్తకం బో పల్చగా ఉండేది.

మా టైగర్ రొయ్యకు శాస్త్రీయ నామం పీనియస్ మోనోడాన్. 1798లో ఫాబ్రీషియస్ పెట్టాడు. ఆయన లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త శిష్యుడు. జంతువులకు ఇట్టా రెండు మాటల పేరు పెట్టే పద్ధతికి లిన్నేయస్ 1758లో వేసిన పుస్తకాన్నే ఇప్పటికీ మొదలుగా తీసుకుంటారు, అంతకుముందు పెట్టిన పేర్లు చెల్లవు (ఒక్క సాలీళ్ళకు మాత్రం 1757 నాటి పేర్లు ఒప్పుకున్నారు). పేరు ఒకటే ఉండాలని ఎందుకంత పట్టుదల అంటే, ముత్తుకూరులో ఒక పేరు, థాయిలాండ్‌లో ఒక పేరు, అమెరికాలో ఒక పేరు అయితే జబ్బు వచ్చినప్పుడు ఎవరు దేని గురించి రాస్తున్నారో తెలియదు. వైట్ స్పాట్ వచ్చి చెరువుకు చెరువే పోయిన రైతును అడగండి, ఏ జాతికి ఏ జబ్బు అన్నది ఎంత ముఖ్యమో చెబుతాడు.

ఉదయగిరి మెట్ట:

మా వైపు జంతువు అనే మాటే పెద్దగా వాడరు. ఆవులు, ఎద్దులు, బర్రెలు గొడ్లు. గొర్రెలు, మేకలు జీవాలు. "ఎన్ని జీవాలున్నాయి?" అంటే గొర్రెలూ మేకలే లెక్క చెబుతారు, కోళ్ళను కలపరు. మిగతావి పిట్టలు, పురుగూ పుట్రా. కాబట్టి ఆ పెద్దమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను స్కూల్లో జీవశాస్త్రం అంటే గొర్రెల గురించి చెబుతారేమో అనుకుని ఆశగా కూర్చున్నా!

నా డౌటు ఒకటే. మా తమ్ముడు బీఎస్సీ జువాలజీ చేశాడు. ఊళ్ళో జీవానికి ఉబ్బరమొస్తే అందరూ వాడినే పిలుస్తారు. జువాలజీ వేరు, పశువుల డాక్టరు చదువు వేరు అని ఎంత చెప్పినా వినరు. ఈ రెండింటికీ తేడా మాటలోనే ఏమన్నా ఉందా?

ఒంగోలు తెలుగు:

ఉదయగిరి అన్నగారు చెప్పిన 'జీవాలు' దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటలన్నిటిలో జువాలజీకి నిజమైన చుట్టం అదే.

సంస్కృతంలో జీవ, గ్రీకులో జోయాన్, బయాలజీలోని బయోస్, లాటిన్‌లో వివుస్, ఇవన్నీ బతకడం అనే ఒక్క పాత ధాతువు నుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఒక్కో భాషలో మొదటి హల్లు ఒక్కో రకంగా మారింది, అంతే. కాబట్టి మెట్టలో గొర్రెల కాపరి "జీవాలను తోలుకొస్తున్నా" అన్నప్పుడు, గ్రీకు భాషలో 'జోయా' అన్నదానికి మన దగ్గరున్న తోబుట్టువు మాటనే వాడుతున్నాడు. మా తాతలది కనిగిరి వైపు, చిన్నప్పుడు ఆ మాట వింటూ పెరిగాను కాబట్టి ఇది తెలిసినప్పుడు నాకు చాలా ఆనందం వేసింది.

మరి శాస్త్రానికి జీవశాస్త్రం అని కాకుండా జంతుశాస్త్రం అని ఎందుకు పెట్టారంటే, జీవశాస్త్రం అనేది బయాలజీకి పోయింది, అందులో చెట్లూ వస్తాయి. చెట్లను తీసేసి మిగిలిన వాటికి ఒక మాట కావాలి. కన్నడంవాళ్ళు ప్రాణి తీసుకుని ప్రాణిశాస్త్రం అన్నారు. తమిళంలో విలంగియల్ అంటారు, తడ దాటితే బోర్డుల మీద కనపడుతుంది. మనమూ మలయాళంవాళ్ళూ జంతువు తీసుకున్నాం.

ఇప్పుడు అమ్మగారి అత్తగారి ప్రశ్న. జంతువు అంటే నాలుగు కాళ్ళది అన్నది తెలుగు వాడుకలో వచ్చిన అర్థం, వాడుకగా అది తప్పు కాదు. సంస్కృతంలో మాత్రం అది జన్ ధాతువు నుంచి వచ్చింది, జన్ అంటే పుట్టడం. పుట్టిన ప్రతిదీ జంతువే. అమరకోశంలో ఒక వరుసలో "ప్రాణీ తు చేతనో జన్మీ జంతు జన్యు శరీరిణః" అని ఉంది, ప్రాణి, చేతనం, జన్మి, జంతువు, జన్యువు, శరీరి, ఆరు మాటలకూ ఒకటే అర్థం. కాళ్ళ ప్రస్తావనే లేదు. మనిషి కూడా అందులో ఉన్నాడు. శంకరాచార్యుల పేరిట ఉన్న వివేకచూడామణి మొదట్లోనే "జంతూనాం నరజన్మ దుర్లభం" అని వస్తుంది, జంతువులన్నిటిలో మనిషి పుట్టుక దొరకడం కష్టం అని. మనిషి జంతువు కాకపోతే ఆ వాక్యమే కుదరదు.

దోమ సంగతి ఇంకా తేలిక. పాణిని వ్యాకరణంలో 'క్షుద్రజంతవః' అని ఒక సూత్రం ఉంది. చిన్న జంతువుల పేర్లు రెండు కలిపి సమాసం చేస్తే అది ఏకవచనంలో ఉంటుందని చెప్పే సూత్రం. దానికి వ్యాఖ్యానాల్లో ఇచ్చే ఉదాహరణలు చూడండి: దంశమశకమ్, అంటే జోరీగలూ దోమలూ, యూకాలిక్షమ్, అంటే పేలూ ఈపులూ. దోమ జంతువని పాణిని సంప్రదాయమే ఒప్పుకుంది. ఏది క్షుద్రజంతువు అన్నదాని మీద ఆ వ్యాఖ్యాతలు చాలా చర్చ చేశారు, ఎముక లేనిది అని ఒకరు, ముంగిస దాకా ఉన్న చిన్నవన్నీ అని ఇంకొకరు. ఆ మొదటిది చూశారా, ఎముక లేనిది! మన పాప పుస్తకంలో అకశేరుకాలు అని ఒక పెద్ద భాగం ఉంటుంది, వెన్నుపూస లేనివి అని. వ్యాకరణం చెప్పుకునేవాళ్ళు, సమాసంలో వచనం తేల్చుకోవడానికని బయల్దేరి, జంతువులను ఎముక ఉన్నవీ లేనివీ అని విడదీసే దాకా పోయారు.

పైన అమరకోశం వరుసలో జన్యువు అని వచ్చింది గమనించండి. అప్పుడు దాని అర్థం ప్రాణి. ఇప్పుడు ఇంటర్ పుస్తకంలో జన్యువు అంటే జీన్. మన పరిభాష రాసినవాళ్ళు ఈ మాటను ఎంచుకోవడం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే 1909లో యోహాన్‌సెన్ అనే డేనిష్ శాస్త్రవేత్త పెట్టిన 'జీన్' అనే మాటకూ మన జన్ ధాతువుకూ మూలం ఒకటే. పలుకు కలిసింది, అర్థం కలిసింది, పుట్టుక కూడా కలిసింది. ఇట్లాంటి మాటలు బట్టీ పట్టకుండానే గుర్తుంటాయి.

పశువు, మృగం మాత్రం వేరు. పశువు అంటే మనిషి సాకేది, సంపదగా లెక్కపెట్టుకునేది. పశుసంపద అంటాం కదా. లాటిన్‌లో దీని తోబుట్టువు పెకుస్, దాని నుంచే డబ్బుకు వాళ్ళ మాట పెకూనియా పుట్టింది. మృగం అంటే వెతికి వేటాడేది, మొదట ఎక్కువగా జింక, మృగతృష్ణలో ఉన్నది అదే. తెలుగులోకి వచ్చేసరికి క్రూరంగా మారిపోయింది.

మూలాపేట మాస్టారు:

బ్రహ్మాండంగా చెప్పారు. ఆ పాణిని సూత్రం ముందే తెలిసుంటే నా క్లాసులో చెప్పేవాణ్ణి.

ఉదయగిరి తమ్ముడి డౌటుకు నేను జవాబిస్తాను. తేడా మాటలోనే ఉంది. వెటర్నరీ అన్నది లాటిన్ మాట, బరువు లాగే, మోసే పశువులకు సంబంధించినది అని దాని అర్థం. అంటే మనిషికి పనికొచ్చే పశువుకు జబ్బు చేస్తే నయం చేసే విద్య. జువాలజీకి వైద్యంతో పని లేదు, ప్రాణి ఎట్లా ఉంది, ఎట్లా బతుకుతోంది, దేనికి చుట్టం అని తెలుసుకోవడం దాని పని. ఒకే గిత్తను ఇద్దరూ చూస్తారు, చూసేది వేరు. ఉబ్బరమొచ్చిన జీవానికి మాత్రం ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరునే పిలవండి, గంటల్లో ప్రాణం పోతుంది.

గిత్త అన్నాను కాబట్టి చెబుతున్నా. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో కోట్లలో ఉంది, అక్కడ దాని పేరు మాత్రం 'నెలోరి', అంటే నెల్లూరే. ఒకే పశువుకు రెండు ఊళ్ళ పేర్లేమిటి అని మా కాలేజీలో ఒంగోలు పిల్లలు పోట్లాటకు వచ్చేవాళ్ళు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. పశువులు సముద్రం దాటి పోయిన తొలి రోజుల్లో అదంతా నెల్లూరే. లిన్నేయస్ మన మూపురం పశువుకు బాస్ ఇండికస్ అని, మూపురం లేని సీమ పశువుకు బాస్ టారస్ అని వేరువేరు పేర్లు పెట్టాడు. రెండూ కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి కాబట్టి రెండూ ఒకే జాతిలో రెండు శాఖలని ఇప్పుడు చాలామంది అంటారు. జువాలజీ చూసేది ఇదీ.

మన్నేరు గట్టు:

అందరికీ చాలా చాలా థాంక్సండీ. మా అత్తమ్మకు పాణిని సంగతి చదివి వినిపించాను. "పేలు కూడా జంతువులే అని వాళ్ళే అంటే ఇంక నేనెందుకు కాదంటాను" అంది. మా ఆయన జూ సంగతి ఒప్పుకున్నాడు. రొయ్యను గ్లాసులో చూడటం ఆదివారం చేస్తాం, పాప ఇప్పటికే అడుగుతోంది.

పాపకు ఇంకో ప్రశ్న వచ్చింది. గ్రీకులు, లండన్‌వాళ్ళు సరే, మన నెల్లూరు, ప్రకాశం వైపు ఈ శాస్త్రానికి ఏమన్నా సంబంధం ఉందా, ఇక్కడ ఎవరన్నా పని చేశారా అని.

సూళ్ళూరుపేట పిట్టలు:

ఉందమ్మా, అదీ మామూలు సంబంధం కాదు. థామస్ జెర్డన్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. 1840ల తొలి రోజుల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. వైద్యం ఉద్యోగం, మనసంతా పక్షుల మీద. ఇక్కడ ఆయనకు యానాదులతో పరిచయమైంది. ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుంది, ఏది ఏ కాలంలో వస్తుంది, ఏ పాము ఎక్కడుంటుంది, తెలుగులో దేన్నేమంటారు, ఇదంతా వాళ్ళను అడిగి రాసుకున్నాడు. భారతదేశపు పక్షుల మీద 1862 నుంచి 1864 దాకా ఆయన వేసిన సంపుటాల్లో పక్షి పక్షికీ కింద తెలుగు పేర్లు కనపడతాయి. ఆ పేర్ల వెనక మన ఊళ్ళ యానాదులు, వేటగాళ్ళు ఉన్నారు. పుస్తకం మీద వాళ్ళ పేర్లు లేవు. లోగోస్ అంటే వివరించి చెప్పడం అన్నారు కదా మాస్టారు, మన దగ్గర ఆ చెప్పడం చేసినవాళ్ళు వాళ్ళు. ఇది పిలకాయలకు తప్పకుండా చెప్పాలని నా కోరిక, ఎందుకంటే శాస్త్రం అంటే ఎక్కడో తెల్లవాళ్ళు చేసేది అని మన పిల్లలు అనుకుంటూ పెరుగుతున్నారు.

జెర్డన్ పేరుతో ఒక పక్షి ఉంది, మన కలివికోడి. 1848లో బ్లైత్ అనే ఆయన దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. కలివి పొదల చుట్టూ తిరుగుతుంది కాబట్టి కలివికోడి. 1900 తర్వాత దాదాపు ఎనభై ఆరేళ్ళు ఎవరికీ కనపడక, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి వెతికాడు కానీ, రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టింది మాత్రం ఆ ప్రాంతపు వేటగాడే. అది పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పక్షి అని శాస్త్రవేత్తల కంటే ఆయనకే బాగా తెలుసు. దాని కోసమే లంకమల అడవిని అభయారణ్యం చేశారు.

మన దేశంలో జంతువుల లెక్కలు రాసే ప్రభుత్వ సంస్థ జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, 1916లో కలకత్తాలో మొదలైంది. పాప ఈ చదువులో ముందుకు పోతే అలాంటి చోట ఉద్యోగాలుంటాయి, డాక్టరు సీటు రాకపోతే జువాలజీ అనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దని చెప్పండి. ఇష్టపడి చదవాల్సిన చదువు ఇది.

చలికాలంలో ఒకసారి పాపను తీసుకుని మా వైపు రండి. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను సాకుతుంటాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, నీళ్ళు బాగా ఉన్న ఏడు రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. పొద్దున్నే రావాలి, ఎండ ఎక్కితే దూరం జరుగుతాయి. బైనాక్యులర్స్ నా దగ్గరున్నాయి, అత్తమ్మ గారిని కూడా తీసుకురండి.